ఎండ మీద నేరం మోపకండి

ఎండలు ముదిరితే నగరాల్లో నేరాలు పెరుగుతాయని చదువుకున్నవాళ్లు లెక్కలు చెప్తున్నారు. కావచ్చు. ఒళ్లు ఉడుకుతుంటే ఎవరికైనా చిరాకే. కానీ ఆ మాట మా గల్లీ దాకా వచ్చేసరికి మారిపోతుంది. 'వాళ్ల నెత్తురే వేడి' అంటారు.

రామగుండం, ఆదిలాబాద్ ఎండల గురించి మాకు చెప్పకండి. రేకుల కింద బీడీలు చుట్టే మా అమ్మల్ని అడగండి. తంబాకు ఎగురుతుందని ఫ్యాను కూడా వేసుకోరు. కూలి మాత్రం వెయ్యి బీడీల లెక్కనే. ఆ ఉడుకులో వాళ్లు ఎవర్నీ పొడవలేదు.

భైంసా 2008లో మండింది అక్టోబరులో, దుర్గా నిమజ్జనం ఊరేగింపప్పుడు. ఆ నెలలోనే పక్కనున్న వటోలిలో ఒకే కుటుంబంలోని ఆరుగురు ముస్లింలను ఇంట్లోనే సజీవంగా తగలబెట్టారు. భైంసా మళ్లీ మండింది 2020 జనవరి చలిలో, మున్సిపల్ ఎన్నికల ముంగట. ఇవి ఏ ఎండ చేసిన పనులు?

ఇంద్రవెల్లి కాల్పులు ఎండాకాలంలోనే జరిగాయి, 1981 ఏప్రిల్ 20న. తుపాకులు వేడికి పేలలేదు. భూమి అడగవచ్చిన గోండుల మీద పోలీసులు పేల్చారు.

1967 వేసవిలో అమెరికా నగరాలు తగలబడ్డాయి. ఆ వేడిని కూడా గమనించిన కెర్నర్ కమిషన్, మూలం తెల్లవాళ్ల జాతివివక్షలో ఉందని 1968లో తేల్చింది.

వేడి లెక్కలు తీసేవాళ్లను మేము అడిగేదొక్కటే: ఊరేగింపుల తారీఖులు, ఎన్నికల తారీఖులు కూడా పక్కన పెట్టి చూడండి. ఎండాకాలం మా గల్లీకి కావాల్సింది నీళ్లు, కరెంటు, నీడ. పోలీసు పికెట్ కాదు.