ముఖం దాచవచ్చు, చూపును దాచనక్కర లేదు



ఒంటరిగా రైలు దిగిన పిల్లవాడిని మన సమాజం ప్రశ్నలతోనే పలకరిస్తుంది. పేరేమి? ఊరేది? తండ్రి ఎవరు? ఎందుకు వచ్చావు? నాంపల్లి స్టేషనులో పోలీసు అడుగుతాడు, వసతిగృహంలో అధికారి అడుగుతాడు, అటుపై విలేకరి అడుగుతాడు. జవాబులన్నీ ఎవరో ఒకరి కాగితంలోకి ఎక్కుతాయి. "నువ్వేమి చూశావు, నాయనా?" అని అడిగేవారు మాత్రం అరుదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకొనే సాధనంగా వాని చేతికి ఒక కెమెరా ఇవ్వాలన్నది నా అభిప్రాయం.

తెలుగు పాఠాలు చెప్పి బ్రతికినవాడు అక్షరాన్ని విడిచి కెమెరాను పొగడడమేమిటని మీకు తోచవచ్చు. నన్ను అటు నడిపించినది భాషే. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుండి పోలీసులు రెండువందల మందికి పైగా బాలలను విడిపించారు. వారిలో అత్యధికులు బీహారు పిల్లలు. ఇంటిభాష ఒకటి, విచారణ జరిగే భాష మరొకటి అయినప్పుడు, బెదిరిన పిల్లవాడు అవును, కాదు అన్న రెండు మాటలకు మించి పలకలేడు. దృశ్యానికీ వ్యాకరణం ఉంది. కాని దానిని నేర్వడానికి ఓనమాలు అడ్డురావు.

ఇది ఊహ కాదు. జహీరాబాదు దగ్గరి పస్తాపూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చెంత వీడియో నేర్చిన దళిత మహిళలలో పలువురు బడి ముఖం ఎరుగనివారు. పైనుండి క్రిందికి చూసే దృశ్యాన్ని వారు "పటేల్ షాట్" అన్నారు. కంటికి కన్ను సమంగా నిలిపి తీసేదానిని "సంగం షాట్" అన్నారు. ఏ లక్షణగ్రంథమూ ఇంత సూటిగా నిర్వచించగలదని నేననుకోను. ఒంటరి బాలల గురించి మనం చూసే వార్తాదృశ్యాలలో ఎక్కువ పాలు పటేల్ షాట్లే కదా!

చట్టం ఒప్పుకోదని కొందరంటారు. 2015 నాటి బాలల న్యాయచట్టంలోని 74వ సెక్షను అట్టి బాలుని పేరు, చిరునామా, బడి, చిత్రం వెల్లడించరాదని శాసిస్తుంది. అది సర్వదా సముచితం. అయితే కెమెరా వెనుక నిలిచినవాని ముఖం తెరపైకి రాదు. ప్లాట్‌ఫారంపై పరుగెత్తే పాదాలను, అబిడ్సు కాలిబాటన ఆదివారం పరిచిన పాతపుస్తకాలను, యూసుఫైన్ దర్గా దారిలో చాచిన చేతులను వాడు చూపవచ్చు. చట్టం ముఖానికి రక్షణ ఇచ్చింది, చూపును నిషేధించలేదు.

అసలు ప్రమాదం వేరొకచోట ఉంది. 1988లో వచ్చిన "సలాం బొంబాయి"లో మీరా నాయర్ వీధిబాలలకు శిక్షణనిచ్చి నటింపజేశారు. ఆ చిత్రం వల్ల సలాం బాలక్ ట్రస్టు పుట్టి ఎందరికో నీడ అయింది. కాని జాతీయ పురస్కారం పొందిన బాలనటుడు షఫీక్ సయ్యద్ పిమ్మట బెంగళూరులో ఆటో నడిపి బ్రతికాడు. ఆటో నడపడం తక్కువ పని కాదు. చప్పట్లు ఆగిన మరునాటికి ఏమి మిగిల్చామన్నదే ప్రశ్న.

కనుక నాలుగు నియమాలు కావాలి. తీసిన చిత్రం పిల్లవానిదే కావాలి. వద్దన్ననాడు ప్రదర్శన ఆపాలి. చందాల ప్రకటనలకు దానిని వాడరాదు. శిక్షణ మూడురోజుల ముచ్చటగా ముగియక బడిచదువుతో ముడిపడాలి.

దీనికి చోటు వెదకనక్కర లేదు. స్టేషనుకు నడకదూరంలో, పబ్లిక్ గార్డెన్సులో జవహర్ బాలభవన్ ఉంది. 2017లో ఇరవయ్యవ అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం జరిగినది ఈ నగరంలోనే. దేశదేశాల బాలల చిత్రాలకు తెర కట్టిన ఊరు, తన స్టేషనులో దిగిన పిల్లవానికి ఒక చిన్న తెర కట్టలేదా?

పెద్దలు ఆలోచించాలి. వాడు చూపేది మనకు ఇంపుగా ఉండకపోవచ్చు. అందుకే చూడాలి.