ఎస్‌ఓపీ కొనుక్కోవచ్చు, అనుభవం కొనలేం

“మా అమ్మాయి స్కూల్ సైకాలజిస్ట్ అవుతానంటోంది, ఏ కోచింగ్‌లో చేర్చమంటారు?” అని అడిగే పేరెంట్స్ ఈమధ్య కనిపిస్తున్నారు. సంతోషమే. కానీ ఈ పీజీకి కోచింగ్ ఒక్కటే చాలదని నా అభిప్రాయం.

మన దేశంలో ఆ పేరుతో ప్రత్యేక కోర్సులు తక్కువ. డిగ్రీ తర్వాత ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. సైకాలజీ చేయడం మామూలు దారి. ఇంటర్‌లో బైపీసీ లేకపోయినా ఆర్ట్స్ నుంచి వెళ్లవచ్చు. లెక్కలు తప్పించుకుందామని వచ్చేవాళ్లకు మాత్రం స్టాటిస్టిక్స్ పేపర్ ఎదురొస్తుంది!

అమెరికా అనుకుంటే లెక్క మారుతుంది. రెండేళ్ల ఎం.ఎస్. కాదిది. అక్కడి జాతీయ సంఘం నాస్ప్ ప్రమాణాల ప్రకారం స్పెషలిస్ట్ కోర్సు కనీసం 60 క్రెడిట్లు, సాధారణంగా మూడేళ్లు. 1,200 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటుంది, అందులో 600 గంటలైనా స్కూల్లోనే చేయాలి. లైసెన్సు ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. ఫీజు లెక్క వేసేటప్పుడు ఆ మూడో ఏడాదిని మరచిపోకండి.

ఇక అప్లికేషన్. మార్కులతో పాటు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, సిఫార్సు లేఖలు, పిల్లలతో పనిచేసిన అనుభవం చూస్తారు. స్టేట్‌మెంట్‌ను కన్సల్టెన్సీ వాళ్లు అందంగానే రాసిస్తారు. ఇంటర్వ్యూలో “చదవలేక ఏడ్చే మూడో తరగతి పిల్లవాడితో ఏం చేస్తావు?” అని అడిగితే జవాబు వాళ్లివ్వరు కదా.

అందుకే డిగ్రీ మొదటి ఏడాది నుంచే వారానికి రెండు గంటలు, దగ్గర్లోని బడిలో హెడ్మాస్టర్ అనుమతితో, వెనకబడిన పిల్లల పక్కన కూర్చుని చదివించనివ్వండి. ఒకడు ఒత్తుల దగ్గరే ఎందుకు ఆగుతున్నాడు? ఇంకొకడికి బోర్డు సరిగ్గా కనబడుతోందా? మరో పాప ఇంట్లో లంబాడీ మాట్లాడి, బడిలో తెలుగు వినీ వినకా ఉండిపోతోందా? ఈ తేడాలు పట్టుకోవడమే రేపటి ఉద్యోగం. చూసింది నోట్‌బుక్‌లో రాసుకోమనండి, పిల్లల పేర్లు మాత్రం వద్దు. ఆ పనిని రెండేళ్లు గమనించిన లెక్చరర్ ఇచ్చే సిఫార్సు లేఖ ముందు, బాబాయిగారికి తెలిసిన పెద్దమనిషి లేఖ ఎందుకూ కొరగాదు.

సెలవుల్లో మరో ఆన్‌లైన్ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టేబదులు, ఆ రెండు గంటలకు స్కూటీ తాళం ఇవ్వండి. నెల తిరక్కుండానే “ఇది నా వల్ల కాదు నాన్నా” అంటే కోప్పడకండి. ఎడ్యుకేషన్ లోన్ తీసుకోకముందే తెలిసింది.