తులం బంగారం వెనుక టన్నుల రాయి.. అనుమతి పత్రంలో ఊరి మాట ఎంత?

కోరుట్ల: గల్ఫ్ నుంచి పంపిన పైసలతో తులమో, అర తులమో కొని దాచుకోవడం కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంత కుటుంబాలకు ఆనవాయితీ. ఆ తులం వెనుక ఎంత రాయి పగులుతుందో, ఏ ఊరి భూమి తవ్వకానికి పోతుందో కొనేవారికి తెలిసే అవకాశం తక్కువ. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి బంగారు గని ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది.

డెక్కన్ గోల్డ్ మైన్స్‌కు వాటా ఉన్న జియోమైసూర్ సర్వీసెస్ సంస్థకు జొన్నగిరి, పగిడిరాయి, ఎర్రగుడి గ్రామాల పరిధిలో సుమారు 598 హెక్టార్లలో గనుల లీజు 2013లో లభించింది. పర్యావరణ అనుమతులు అందినట్లు 2025లో సంస్థ యాజమాన్యం ప్రకటించింది. పూర్తి స్థాయిలో ఏడాదికి 750 కిలోల బంగారం తీయాలన్నది లక్ష్యం. స్వాతంత్య్రానంతరం ప్రైవేటు రంగంలో ఇంత పెద్ద బంగారు గని దేశంలో ఇదే మొదటిది.

అసలు భారం వ్యర్థాలదే

ఇటువంటి గనుల్లో టన్ను రాతికి ఒకటి రెండు గ్రాముల బంగారమే దక్కుతుంది. అంటే తులం కోసం ఐదు నుంచి పది టన్నుల ఖనిజాన్ని పిండి చేయాలి. బంగారాన్ని వేరు చేయడానికి ప్రపంచమంతటా ఎక్కువగా సయనైడ్ ద్రావణాన్నే వాడుతున్నారు. మిగిలిన బురదను కట్ట కట్టి నిల్వ చేస్తారు. ఆ కట్ట ఎంత గట్టిదన్నదే చుట్టుపక్కల బావులకు, చెరువులకు ప్రాణప్రదమైన విషయం.

2000 జనవరి 30న రుమేనియాలోని బయామారె వద్ద వర్షం, కరిగిన మంచు తోడై అటువంటి కట్ట తెగింది. సుమారు లక్ష ఘనపు మీటర్ల సయనైడ్ నీరు నదుల్లో కలిసి డాన్యూబ్ వరకు పాకింది. మన పొరుగునే ఉన్న కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినా, దశాబ్దాల తవ్వకం మిగిల్చిన వ్యర్థాల గుట్టలు కార్మికుల ఇళ్ల పక్కనే నిలిచిపోయాయి.

నివేదికలో వానాకాలం ఏదీ?

గనులకు అనుమతి విధానాన్ని 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన నిర్దేశిస్తోంది. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికను గుర్తింపు పొందిన సలహా సంస్థ రూపొందిస్తుంది. దానికి రుసుము చెల్లించేది మాత్రం గని యాజమాన్యమే. గాలి, నీరు, నేల వివరాలను సాధారణంగా వానాకాలం కాని ఒక్క సీజన్‌లో సేకరిస్తే సరిపోతుంది. కట్టలకు ప్రమాదం ఎక్కువగా వానలతోనే ముంచుకొస్తుంది. వాగు ఎటు పొంగుతుందో, ఏ కుంట నిండి ఏ పొలం మునుగుతుందో ఆ ఊరి రైతుకు తెలిసినంతగా వేసవి లెక్కలకు తెలియదు.

ఆ లోటును పూడ్చగలిగేది ప్రజాభిప్రాయ సేకరణ ఒక్కటే. పత్రికల్లో ప్రకటన ఇచ్చి కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉండాలి. కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహించాలి, కార్యక్రమాన్ని వీడియో తీయాలి. లిఖితపూర్వకంగానూ అభ్యంతరాలు పంపవచ్చు. అయితే గ్రామస్థులు వద్దన్నంత మాత్రాన గని ఆగదు. లేవనెత్తిన అంశాలకు తుది నివేదికలో సమాధానం చెప్పడం వరకే యాజమాన్యం బాధ్యత. అందుకే "మాకు గని వద్దు" అన్న నినాదం కన్నా, "కట్ట దిగువన ఉన్న ఈ బావుల నీటిని ఎవరు, ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తారు?" అన్న ప్రశ్న రికార్డులో ఎక్కువ కాలం నిలుస్తుంది. రేపు ఎవరైనా జవాబు చెప్పవలసి వస్తే ఆ ప్రశ్నే ఆధారమవుతుంది.

మన దగ్గరా ఇదే పాఠం

ఇది కర్నూలు జిల్లా గొడవ అని జగిత్యాల జిల్లా రైతులు ఊరుకోవడానికి వీల్లేదు. ఉమ్మడి కరీంనగర్‌కు గ్రానైట్ క్వారీలు కొత్త కావు. ఐదు హెక్టార్లలోపు చిన్న క్వారీలకూ పర్యావరణ అనుమతి తప్పనిసరని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో తేల్చిన తరువాతే వాటిపై అదుపు మొదలైంది. మరోవైపు, పెట్రోలులో కలిపేందుకే ఇథనాల్ తయారుచేసే ధాన్యాధారిత పరిశ్రమలకు 2021 జూన్‌లో కేంద్రం నిబంధనలు సడలించడంతో షరతులకు లోబడి ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా పోయింది. గోదావరికి ఆవల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ పరిశ్రమపై 2024 నవంబరులో జనాగ్రహం రోడ్డెక్కింది. ఆ తరువాతే పనులు నిలిపివేస్తున్నట్లు అధికారులు ప్రకటించారు. సభలో వినవలసిన మాటను ముందే వినకపోతే అది రహదారి మీద వినిపిస్తుంది.

అనుమతి వచ్చాక ఏం చేయాలి?

అనుమతి ప్రతిని పంచాయతీకి అందజేయాలని, అక్కడ 30 రోజులు ప్రదర్శించాలని నిబంధన ఉంది. నిర్ణయంపై అభ్యంతరముంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు మించకుండా గడువు లభిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనమే దిక్కు. గడువు దాటితే ఆ తలుపు మూసుకుపోతుంది. ఆపై షరతుల అమలుపై యాజమాన్యం ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీల నాటికి నివేదికలు సమర్పించాలి.

గ్రామసభలో ఆ నివేదికను చదివించుకుని, నీటి పరీక్షల ఫలితాలను సొంత బావులతో పోల్చి చూసుకునే ఊరికే అనుమతి పత్రంలోని షరతులు అక్కరకొస్తాయి. బంగారం వెళ్లిపోతుంది, గని ఏదో ఒకనాడు మూతపడుతుంది. కట్ట, దాని కింది పొలాలు మాత్రం అక్కడే ఉంటాయి.