వంశమా, భోజనమా?

పురుషుల ప్రోస్టేటు గ్రంథికి వచ్చు రాచపుండు వంశదోషమని కొందఱును, భోజనదోషమని కొందఱును వాదింతురు. విత్తును, నేలయు రెండును చూడక పంటనుగూర్చి పలుకరాదు.

ఉత్తర ఐరోపా కవలలపై జరిగి 2016లో వెల్లడియైన పరిశోధన, ఈ ముప్పులోని వ్యక్తిభేదములో నూటికి 57 పాళ్లు వంశానుగతమని తేల్చినది. అయినను జపాను నుండి అమెరికాకు వలసపోయినవారిలో రక్తము మాఱకున్నను వ్యాధి హెచ్చినది, మాఱినవి ఆహారవిహారములు.

అట్లని బిళ్లలను నమ్మరాదు. అమెరికాలో 35,000 మందికి పైగా పురుషులపై జరిగిన పరీక్షలో, విటమిన్ ఇ పుచ్చుకొన్నవారికి ముప్పు నూటికి 17 వంతులు పెరిగెనని 2011లో తేలినది.

తండ్రికిగాని సోదరునికిగాని ఈ వ్యాధి వచ్చినచో ముప్పు ఇంచుమించు రెట్టింపగును. దీనిని సిగ్గుచే దాచుట మన కుటుంబములలో పరిపాటి. ఆ మౌనము కొడుకులకు అపకారము. అట్టి యింటి పురుషులు పథ్యముతోనే తృప్తిపడక, 45 ఏండ్లకే వైద్యుని సంప్రదింపవలెను.