బంతాటలో వయసు లెక్క ఎందుకు?

ప్రశ్న: నాకు ఇద్దరు మనవలు. పెద్దవాడు మా అమ్మాయి కొడుకు, ఇక్కడే తెనాలిలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. పదమూడేళ్ళు నిండాయి, మనిషి పొడుగరి. చిన్నవాడికి ఎనిమిదేళ్ళు, మా అబ్బాయి దగ్గర ఇంగ్లండులో ఉంటాడు. ఇద్దరికీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అక్కడి లీగుల్లో 2026-27 సీజన్ నుంచి వయసు విభాగాలు, జట్ల లెక్క మార్చారట. ఏడుగురి జట్టులోకి వెళ్ళవలసిన మావాణ్ణి ఇంకో ఏడాది ఐదుగురి జట్టులోనే ఆడిస్తారట. తలతో బంతి కొట్టకూడదట. ఎవరు మొదట, ఎవరు చివర అనే పట్టిక కూడా వెయ్యరట. ఇలాగైతే ఆట ఏం వస్తుంది? ఇక్కడ పెద్దవాడిది వేరే చిక్కు. సర్టిఫికెట్లో ఒక ఏడాది తగ్గించి తెస్తే పదమూడేళ్ళ లోపు జట్టులో వేస్తామని ఒకాయన అంటున్నాడు. అల్లుడుగారు పరవాలేదంటున్నారు, అమ్మాయి వద్దంటోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ప్రశ్నలు రెండూ పైకి వేరుగా కనిపిస్తున్నా జవాబు ఒక్కటే. పిల్లవాడి చొక్కా పిల్లవాడి కొలతకే కుట్టిస్తాం. ఆట కూడా అంతే. వయసు విభాగాలు పెట్టింది పోటీ నడిపేవారి సౌకర్యం కోసమే కాదు, ఎదిగే ఒంటికి రక్షణ కోసం కూడా.

ముందు చిన్నవాడి సంగతి చూద్దాం. పెద్దవాళ్ళ ఫుట్‌బాల్ గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. ఎనిమిదేళ్ళ పిల్లవాడి ఎత్తు సుమారు నాలుగడుగులు. వాణ్ణి ఆ గోలు ముందు నిలబెడితే తల మీదుగా పోయే బంతిని చూస్తూ ఉండడం తప్ప చేసేదేముంది? వంద మీటర్ల మైదానంలో పదకొండు మందితో ఆడిస్తే, బలంగా తన్నేవాళ్ళు ఇద్దరు ముగ్గురే ఆడతారు. మిగతావాళ్ళు పరుగెత్తి అలిసిపోతారు.

అందుకే ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం 2026-27 నుంచి మెట్లు ఇలా వేసింది. ఏడేళ్ళ లోపు పిల్లలకు ముగ్గురేసి జట్టు. 8, 9 ఏళ్ళ లోపు వారికి ఐదుగురు. 10, 11 ఏళ్ళ లోపు వారికి ఏడుగురు. 12, 13 ఏళ్ళ లోపు వారికి తొమ్మిదిమంది. పదకొండు మంది ఆట 14 ఏళ్ళ లోపు విభాగం నుంచి. అంతకు ముందు పద్ధతిలో ఆ పెద్ద ఆట ఒక ఏడాది ముందే మొదలయ్యేది. జట్టు చిన్నదైతే ప్రతి పిల్లవాడి కాలికీ బంతి ఎక్కువసార్లు తగులుతుంది. కనుక మీ మనవడు వెనకబడిపోతున్నాడని బెంగ పెట్టుకోకండి. వాడికి ఆట నేర్చుకునే అవకాశం ఇంకో ఏడాది ఎక్కువ దొరికింది.

తలతో బంతి కొట్టడం గురించి. చిన్నపిల్లల్లో శరీరంతో పోలిస్తే తల పెద్దది, మెడ కండరాలకు బలం తక్కువ. స్కాట్లండులో వృత్తి ఆటగాళ్ళుగా ఆడి మానేసిన వారి మరణ వివరాలను గ్లాస్గో పరిశోధకులు 2019లో వెల్లడించారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం వారిలో మామూలు జనం కంటే సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. వాళ్ళు ఏళ్ళ తరబడి ఆడిన పెద్దలు. పిల్లలకూ అంతే జరుగుతుందని దీని అర్థం కాదు. అయినా అవసరం లేని దెబ్బ పసితలకు ఎందుకు? అమెరికాలో పదేళ్ళ లోపు పిల్లలకు దీన్ని 2015లోనే మాన్పించారు. ఇంగ్లండులో 2024-25 నుంచి ఏటికొక మెట్టుగా 11 ఏళ్ళ లోపు విభాగం దాకా తెచ్చారు.

ఇక పట్టిక. 11 ఏళ్ళ లోపు జట్ల ఫలితాలు ప్రచురించకపోవడం అక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నదే. పిల్లలకు గెలుపోటములు తెలియక కాదు. పట్టిక గోడకెక్కితే పెద్దవాళ్ళకు ఆవేశం వస్తుంది. బలంగా ఉన్నవాణ్ణే ఆడించి, బక్కవాణ్ణి బెంచీ మీద కూర్చోబెడతారు.

ఇప్పుడు పెద్దవాడి దగ్గరికి వద్దాం. అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే.

మగపిల్లల్లో యవ్వనం తొమ్మిదేళ్ళకీ మొదలుకావచ్చు, పధ్నాలుగేళ్ళకీ మొదలుకావచ్చు. రెండూ సహజమే. అంచేత పదమూడేళ్ళ పిల్లలు ఇద్దరు పక్కపక్కన నిలబడితే, ఒకడికి నూనూగు మీసాలు, ఇంకొకడికి పాలబుగ్గలు ఉంటాయి. ఒకే విభాగంలోనే ఇంత తేడా ఉంటే, దొంగ సర్టిఫికెట్‌తో ఇంకో ఏడాది తేడా కలిపితే ఏమవుతుంది? పరుగు మీద ఇద్దరు ఢీకొన్నప్పుడు విరిగేది చిన్నవాడి చెయ్యో, కాలో. ఆ పిల్లవాడు కూడా ఎవరింటి మనవడో.

మీవాడికీ లాభం లేదు. ఇవాళ పొడుగుతో, బరువుతో గెలుస్తాడు. పదహారు, పదిహేడేళ్ళకు మిగతావాళ్ళు పొడుగులో అందుకుంటారు. అప్పటికి నైపుణ్యం నేర్చుకోవలసిన కాలం దాటిపోతుంది. పైగా పరీక్షలున్నాయి. 2009లో నైజీరియాలో జరిగిన 17 ఏళ్ళ లోపు ప్రపంచ కప్పులో ఫిఫా మణికట్టుకు ఎం.ఆర్.ఐ. తీసే పద్ధతి ప్రవేశపెట్టింది. మన దేశంలోనూ కొన్ని క్రీడల్లో మణికట్టు ఎక్స్-రేతో ఎముకల వయసు కడుతున్నారు. ఆ లెక్క పుట్టినరోజుతో అచ్చంగా సరిపోదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే ఏడాది, రెండేళ్ళ తేడా రావచ్చు. త్వరగా ఎదిగిన పిల్లవాడు నిజం చెప్పినా అనుమానం వస్తుంది. అలాంటివాడికి అండ నిలిచేది పుట్టినప్పుడు రాయించిన అసలు సర్టిఫికెట్ ఒక్కటే. దాన్ని మీ చేతులారా పాడుచేసుకోవద్దు. ఈ విషయంలో మీ అమ్మాయి మాటే సరైనది.

సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మీ తరం వారు వినే ఉంటారు. హైదరాబాదులో ఉపాధ్యాయుడుగా పనిచేసిన ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి ఆయన పోటీలు నడిపేవారని చెబుతారు. ఆట వచ్చేది అలాంటి సాధనతో.

ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలు:

1. వారంలో ఆట, శిక్షణ కలిపిన గంటలు పిల్లవాడి వయసును మించకూడదు. పదమూడేళ్ళవాడికి 13 గంటలు చాలు. వారానికి ఒకటి, రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి.

2. ఎదిగే ఎముకల చివర మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. వేగంగా పొడుగు పెరిగే రోజుల్లో మడమ వెనక గానీ, మోకాలి చిప్ప కింద గానీ నొప్పి వస్తే ఆట తగ్గించండి. కుంటుతున్నా, వాపు ఉన్నా, రాత్రి నొప్పితో మేలుకుంటున్నా వైద్యునికి చూపించాలి. నొప్పి తెలియకుండా మాత్రలు వేసి ఆడించవద్దు.

3. తలకు దెబ్బ తగిలి దిమ్మెక్కితే ఆ రోజు ఆట అక్కడితో ఆపాలి. వాంతులు, మగత, తగ్గని తలనొప్పి ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. వైద్యుడు సరేనన్న తరువాతే మళ్ళీ ఆట.

4. చిన్నపిల్లలకు చిన్న బంతే ఇవ్వాలి. మూడో నంబరు, నాలుగో నంబరు బంతులు అందుకే ఉన్నాయి.

5. మన ఎండల్లో ఆట పొద్దున్నే గానీ, చల్లబడ్డాక గానీ పెట్టుకోవాలి. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్య మంచినీళ్ళు ఇవ్వాలి.

మీ పెద్ద మనవణ్ణి అసలు వయసు విభాగంలోనే చేర్పించండి. ఈ ఏడు జట్టులో చోటు దొరకకపోతే కొంపేమీ మునగదు. సాయంత్రం మీరే వెంట వెళ్ళి, ఎడమకాలితో వంద సార్లు బంతి తన్నించండి. మీకూ కాస్త నడక అవుతుంది.