వంటింటికి తాళం... అరకుకి ప్రయాణం

సెలవులకి ఊరెళ్ళి వచ్చాక "హమ్మయ్య, ఇంటికొచ్చి పడ్డాం, ఇక రెండ్రోజులు విశ్రాంతి తీసుకోవాలి" అని మీరెప్పుడైనా అన్నారా? నేనైతే ప్రతిసారీ అన్నాను. విశ్రాంతి కోసమే వెళ్ళినవాళ్ళం, తిరిగొచ్చాక మళ్ళీ దానికోసం వెతుక్కోవడమేమిటి చెప్పండి!

2016లో మేం మొదటిసారి అరకు చూశాం. విశాఖపట్నంలో మా ఆడపడుచు ఇంట్లో దిగాం. తెల్లవారుజామున మూడింటికే లేచి, పదిమందికి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలకెత్తి, పిల్లల్ని తయారుచేసి కిరండూల్ రైలెక్కాను. దారిలో సొరంగాలు చాలానే ఉన్నాయి. సగం కునికిపాట్లలోనే దాటేశాను. బొర్రా గుహల దగ్గర దిగి, అక్కణ్ణుంచి జీపులో పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి, కాఫీ తోటలు... అన్నీ ఒక్క పగట్లోనే! మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ప్రతిచోటా "మీరిక్కడే కూర్చోండి, ఇప్పుడే వచ్చేస్తాం" అని ఆవిణ్ణి జీపులో వదిలేసి మేం పరుగులు. రాత్రి ఇంటికి చేరాక మావారు "ఐదూ చూసేశాం" అని వేళ్ళు లెక్కపెట్టారు. అత్తగారేమో "నేను జీపు చూశాన్రా" అన్నారు. అందరూ నవ్వేశారు గానీ, ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

కిందటేడు నవంబరులో మళ్ళీ అరకే అన్నాను. "చూసేశాంగా" అన్నారు మావారు. "చూశాం, ఉండలేదు" అన్నాను. మూడు రాత్రులూ ఒకేచోట బస. రోజుకి ఒక్కటే చూడటం. తిండి అంతా బసలోనే, నేను గరిటె పట్టను. ఈ షరతులకి ఒప్పుకున్నాకే పెట్టె సర్దాను.

మొదటిరోజు ఏమీ చూడలేదు. మర్నాడు పొద్దున అత్తగారు శాలువా కప్పుకుని వరండాలో కూర్చున్నారు. ఎదురుగా కొండలు కనబడనంత మంచు. మావారు కాఫీ పట్టుకొచ్చి ముందు ఆవిడకే ఇచ్చారు. "యాభై ఏళ్ళ కాపురంలో అందరికంటే ముందు నేను కాఫీ తాగడం ఇదే" అన్నారావిడ. ఆ తర్వాత మంచు విడేదాకా కబుర్లే. చిన్నప్పుడు అన్నదమ్ములతో పందెం కట్టి ఊరి చెరువు ఈదేవారట! నాకు పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది, ఆ సంగతే తెలీదు. ఇంట్లో ఆవిడకి చెప్పే తీరికా లేదు, నాకు వినే తీరికా లేదు.

ఆ పూట అనంతగిరి వైపు కాఫీ తోటకి వెళ్ళాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. నవంబరుకి కాఫీ పళ్ళు ఎర్రబడతాయి. తొక్క తీసి, గింజ ఎండబెట్టి, వేయిస్తేగాని మనకి పొడి రాదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అత్తగారు కర్ర ఊతంతో నెమ్మదిగా నడిచారు. ఎవరూ తొందర పెట్టలేదు.

మీరూ వెళ్ళదలిస్తే నాలుగు మాటలు:

* నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలతో పొలాలు పచ్చగా మెరుస్తుంటాయి. అయితే జనం కూడా అప్పుడే ఎక్కువ. శని, ఆదివారాలు వదిలి వారం మధ్యలో వెళ్ళండి. బస ముందే మాట్లాడుకోండి.

* ఘాట్ రోడ్డులో కడుపులో తిప్పేవాళ్ళకి రైలే మేలు. విశాఖ నుంచి దాదాపు నాలుగు గంటలు. 2017లో అద్దాల పెట్టె కూడా వేశారు. దానికి టికెట్ ముందుగా కొనుక్కోవాలి.

* స్వెట్టర్లు, సాక్సులు, రోజూ వేసుకునే మాత్రలు మరిచిపోకండి.

* బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉంటాయి. నడవలేనివాళ్ళుంటే రెండు జట్లుగా వెళ్ళి రండి, ఎవరో ఒకరు వాళ్ళకి తోడుండాలి. చాపరాయి దగ్గర బండలు జారుతాయి, పిల్లల చెయ్యి వదలొద్దు.

* మాంసాహారులైతే బొంగు చికెన్ రుచి చూడండి. మసాలా పట్టించిన ముక్కల్ని వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి మూసి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు.

* సంతలో పసుపు, మిరియాలు కొనేటప్పుడు గీచి గీచి బేరమాడకండి. ఆ అమ్మలు ఎంతో దూరం నుంచి నడిచొస్తారు.

తిరుగు ప్రయాణంలో ఆడపడుచు ఇంట్లో ఆగాం. "ఈసారేం చూశావమ్మా?" అని ఆవిడ అడిగితే, "మంచు చూశానే. అది విడేదాకా కూర్చుని చూశాను" అన్నారు అత్తగారు.

మీ ఇంట్లో జీపులోనే కూర్చుండిపోయేది ఎవరు? అమ్మా, అత్తగారా, లేక పులిహోర డబ్బా మోసి అలిసిపోయిన మీరేనా? ఈసారి సెలవులకి ఏమేం చూడాలో రాసుకునే ముందు వాళ్ళనే అడగండి. అక్కడ మొదటి కాఫీ కూడా వాళ్ళకే ఇప్పించండి!