సమాధి శైశవమా? మనోవిశ్లేషణకు అధికారసీమ

పరమహంసల సమాధి స్తన్యపాన దశకు తిరిగిపోవడమట. ధ్యానం కృత్రిమంగా తెచ్చుకున్న జడస్థితి అట. ఈశ్వరుడు లౌకికపితను గూర్చిన భయానికి ఆకాశాన పడిన నీడ అట. విద్యావంతుల గోష్ఠులలో ఈ మాటలు సిద్ధాంతాలవలె చెలామణి అవుతున్నవి. వాటికి "మనశ్శాస్త్రం నిరూపించినది" అనే ముద్ర కూడా ఉన్నది. నిరూపించినదా? ఎవరిని పరీక్షించి, ఏ ప్రమాణంతో? ఖండనకు పూర్వం పూర్వపక్షాన్ని సంపూర్ణబలంతో నిలపడం శాస్త్రమర్యాద. ముందు అదే చేయవలె.

వియన్నా నగర వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్, తన సహచరుడు బ్రాయర్‌తో కలిసి 1895లో హిస్టీరియాను గూర్చి ఒక గ్రంథం ప్రకటించినాడు. శరీరంలో దోషమేమీ కనబడకపోయినా కాలుచేతులు చచ్చుబడడం, గొంతు పెగలకపోవడం వంటి బాధలకు మూలం, రోగి తనకు తానే మరుగుపరచుకున్న అనుభవాలలో ఉన్నదని వారు గ్రహించినారు. ఆపై ఏర్పడిన పద్ధతి ఇది: రోగి మంచంపై పడుకొని, మనస్సుకు తోచినదంతా దాచక, ఏరక చెప్పవలె. ఎక్కడ మాట ఆగునో అక్కడ ప్రతిరోధం ఉన్నది. తల్లిదండ్రులపై గల రాగద్వేషాలను రోగి క్రమంగా వైద్యునిపై ఆరోపించును. ఆ భావసంక్రమణాన్నే సాధనంగా చేసుకొని, వైద్యుడు పాతముడిని రోగి చేతనే విప్పించవలె. నేటి క్లినికల్ సైకాలజీలో ఈ పద్ధతి ఎన్నో రూపాంతరాలు పొందినది. ఉపశమనం పొందినవారూ ఉన్నారు. మనిషి తన మనస్సును తాను పూర్తిగా ఎరుగడన్న మాట, వాసనలను, సంస్కారాలను అంగీకరించే సంప్రదాయానికి కొత్తది కాదు. ఇంతవరకు వివాదం లేదు.

వివాదం ఆ మంచాన్ని దాటిన తరువాత మొదలైనది. 1927లో ఫ్రాయిడ్ మతాన్ని భ్రమగా వర్ణిస్తూ ఒక గ్రంథం ప్రకటించినాడు. దానిని చదివిన ఫ్రెంచి రచయిత రొమే రొలా, మతానికి నిజమైన మూలం సముద్రంవలె అవధిలేని ఒక అనుభూతి అని ఆయనకు లేఖ వ్రాసినాడు. ఈ రొలాయే 1929లో శ్రీరామకృష్ణుల జీవితచరిత్రను వెలువరించినాడు. 1930 నాటి గ్రంథంలో ఫ్రాయిడ్ సమాధానం చెప్పినాడు. అట్టి అనుభూతి తనలో కనబడలేదని నిజాయితీగా ఒప్పుకొని, అది తనకూ లోకానికీ భేదం తెలియని శిశుదశకు మిగిలిన అవశేషమని తీర్మానించినాడు. 1931లో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మనోవిశ్లేషకుడు మరింత ముందుకు పోయి, బౌద్ధధ్యానానికి "కృత్రిమ కాటటోనియా" అని, అనగా చలనం ఉడిగిన ఒక మానసికరోగస్థితి అని పేరు పెట్టినాడు.

ఇందులో మొదటి దోషం పద్ధతిదే. రోగి మాటలు వినక, ప్రతిరోధం కరగక, సంబంధం కుదరక వ్యాఖ్యానాన్ని అతనిపై విసరరాదని 1910లో హెచ్చరించినవాడు ఫ్రాయిడే. అట్టి పనికి ఆయన పెట్టిన పేరు "అడవి మనోవిశ్లేషణ". అదే సంవత్సరం ఆయన, దాదాపు నాలుగువందల ఏళ్ల క్రితం మరణించిన చిత్రకారుడు లియొనార్డోను విశ్లేషించినాడు. తాను ఊయలలో ఉండగా ఒక పక్షి వచ్చి తోకతో పెదవులను తాకినదని లియొనార్డో వ్రాసుకున్నాడు. ఇటాలియన్ మూలంలో ఆ పక్షి గద్ద. ఫ్రాయిడ్ అనుసరించిన జర్మన్ అనువాదంలో అది రాబందు అయినది. రాబందు శిరస్సు గల ఈజిప్టు మాతృదేవతను తెచ్చి, దానిపై ఆయన ఒక వాదసౌధం కట్టినాడు. మూలపదం బయటపడగానే ఆ భాగానికి పునాది లేకపోయినది.

మంచంపై రోగి బ్రతికి ఉండును. "అది రాబందు కాదయ్యా, గద్ద" అని సరిదిద్దగలడు. మహాసమాధి చెందిన పరమహంసలకు ఆ అవకాశం లేదు. ప్రత్యుత్తరం ఇవ్వలేనివారిపై చేసే నిర్ణయం చికిత్స కాదు. ఆ శాస్త్రపు స్వీయనియమాలచేతనే అది అప్రమాణం.

రెండవ దోషం తర్కానిది. ఒక అనుభవం ఎక్కడ పుట్టినదో చెప్పినంత మాత్రాన అది సత్యమో అసత్యమో తేలదు. పద్మం పంకంలో పుట్టినదని పద్మాన్ని పంకం అనగలమా? పైగా భేదం తెలియకపోవడం వేరు, భేదాన్ని తెలిసి దాటడం వేరు. సుషుప్తిలో మనస్సు లయించును, నిగ్రహింపబడిన మనస్సు లయించదు, కనుక ఈ రెండూ ఒకటి కావని గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలో ఏనాడో విడదీసినారు. శిశువుకు వివేకం ఇంకా పుట్టలేదు. జ్ఞానికి వివేకం పరిపక్వమై ఫలించినది. బయటికి ఇద్దరి నిశ్చలత్వం ఒకటిగా కనబడినంత మాత్రాన లోపలి స్థితి ఒకటి కాజాలదు.

ఈ విద్యను వినయంతో ప్రయోగించినవారూ ఉన్నారు. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సమాజాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్ వైద్యుడు. గీతను, యోగసూత్రాలను వ్యాఖ్యానించిన పండితుడు. ప్రతి కోరికకూ దాని విరుద్ధమైన కోరిక తోడుగా ఉండునని ఆయన సిద్ధాంతం. తన భారతీయ రోగులలో కనబడినది వియన్నా సూత్రాలతో పూర్తిగా సరిపడలేదని 1929లో ఆయన ఫ్రాయిడ్‌కే వ్రాసినారు. గురువుపై గౌరవం తగ్గలేదు: 1931లో ఫ్రాయిడ్ 75వ జన్మదినానికి కలకత్తా సమాజం దంతపు విష్ణుప్రతిమను పంపినది. అయినా రోగి చెప్పినదానిని సూత్రం కొరకు వంచలేదు. 1940లో కలకత్తాలో లుంబినీ పార్క్ మానసిక చికిత్సాలయం నెలకొన్నది కూడా ఆయన సమాజం కృషివల్లనే.

ఇక ఆస్తికుల దోషం. దానిని దాచడం ధర్మం కాదు. ఎవరో పిలుస్తున్నట్లు మాటలు వినబడి, రాత్రులు నిద్రలేక, అన్నం మానిన బిడ్డను "దేవుడు ఆవహించినాడు" అని ఆలయప్రదక్షిణలతోనే నెలలు గడిపే తల్లిదండ్రులు ఉన్నారు. ప్రాణం మీద విరక్తి పుట్టిన యువకునికి "అది వైరాగ్యం నాయనా" అని అభినందనలు చెప్పే పెద్దలు ఉన్నారు. రోగాన్ని సమాధి అనడం, సమాధిని రోగం అనడం ఒకే తప్పుకు రెండు ముఖాలు. మొదటిది మరింత ఘోరం. రెండవదానివల్ల పరమహంసలకు కలిగే నష్టం ఏమీ లేదు. మొదటిదానివల్ల బిడ్డ ప్రాణమే పోవచ్చును.

ఇందుకు శాస్త్రం అనుమతి ఇచ్చినదా? పతంజలి యోగానికి తొమ్మిది అంతరాయాలు చెప్పి, వాటిలో వ్యాధిని మొట్టమొదట నిలిపినాడు. చరకుడు చికిత్సను మూడు విధాలుగా విభజించినాడు: మంత్రహోమాదులైన దైవవ్యపాశ్రయం, ఆహార ఔషధాలైన యుక్తివ్యపాశ్రయం, మనస్సును అహితవిషయాలనుండి మరల్చే సత్త్వావజయం. మొదటిదానిని మాత్రమే పట్టుకొని తక్కిన రెండింటిని విడిచినవాడు శాస్త్రాన్ని మూడింట రెండు పాళ్లు విడిచినట్లే. అర్చన జరుగవలె, ఔషధమూ జరుగవలె. తీర్థం పుచ్చుకున్న చేయి మాత్రను కాదనవలసిన పని లేదు.

కన్ను రూపానికి ప్రమాణం, శబ్దానికి కాదు. చెవి శబ్దానికి ప్రమాణం, రూపానికి కాదు. మనోవిశ్లేషణకు విషయం దుఃఖంతో ఎదుట కూర్చుండి మాటలాడే మనిషి. అక్కడ దానికి అధికారం ఉన్నది. ఆత్మస్వరూపం దాని విషయం కాదు. కనుక చికిత్సకుడు సమాధికి తీర్పరి కాజాలడు, భక్తుడు రోగానికి వైద్యుడు కాజాలడు. బిడ్డ బాధలో ఉన్ననాడు తల్లిదండ్రులు ముందుగా తొక్కవలసినది వైద్యుని గడప. గర్భాలయం తలుపులు సాయంకాలం కూడా తెరిచియే ఉండును.